విడివిడిగా రికార్డు చేసిన సోల్, జాజ్ పాటలకు ఊపిరి ఎట్లా పోయాలి?

ప్రశ్న: ఫాతిమానగర్ గాయని

అందరికీ నమస్కారం. మాది కాజీపేట. చిన్నప్పటి నుంచి చర్చి గాయకబృందంలో పాడుతున్నాను. అమెరికా సోల్ గాయని ఆరిథా ఫ్రాంక్లిన్ కూడా డెట్రాయిట్‌లో తన తండ్రి పాస్టరుగా ఉన్న చర్చిలోనే పాడుతూ పెరిగారని తెలిసిన నాటి నుంచి, అమెరికా నల్లజాతీయుల చర్చి పాటల్లోంచి ఎదిగిన ఈ సోల్ సంగీతం నాకు పరాయిదిగా అనిపించలేదు. ఇప్పుడు ఎనిమిది తెలుగు పాటలతో, ఏ కంపెనీ అండా లేకుండా, సోల్, జాజ్ కలగలిసిన ఆల్బమ్ ఒకటి చేస్తున్నాను. సాహిత్యమూ వరుసలూ నావే. కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్స్ మిత్రులు వాయిస్తున్నారు. ట్రంపెట్, ఆల్టో శాక్సఫోన్ వాయించడానికి వరంగల్‌లోని ఒక పెళ్లి బ్యాండుకు చెందిన ఇద్దరు పెద్దవాళ్లు ఒప్పుకొన్నారు.

ఇంతవరకు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు మా ఇంటికి వచ్చి, హెడ్‌ఫోన్లలో తాళం చెప్పే క్లిక్ శబ్దం వింటూ తమ భాగం వాయించి వెళ్లారు. ఏ ట్రాకును విడిగా విన్నా శ్రుతిగానీ తాళంగానీ తప్పలేదు. అన్నీ కలిపి వింటే మాత్రం ఎవరి గదిలో వాళ్లు వాయించుకుంటున్నట్టు ఉంది. నిమిషానికి 70 దెబ్బల టెంపోలో సాగే ఒక నెమ్మది పాటలో, చరణం చివర నేను మాటను సాగదీసి ఒక్క క్షణం నిలిస్తే, నా వెనుక ఉన్నవాళ్లకు ఆ సంగతే తెలియనట్టు తాళం ముందుకు వెళ్లిపోతుంది. ట్రంపెట్, శాక్సఫోన్ నా మాటల మీదుగా పల్లవి మొత్తం వాయించేస్తున్నాయి. అందరం ఒకే గదిలో కూర్చుని మళ్లీ మొదలుపెట్టాలా, లేక లోపం పాట కూర్పులోనే ఉందా? ఇటువంటి పని చేసినవాళ్లు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: హనుమకొండ డ్రమ్స్

అమ్మా, మీ కూర్పును వినకుండా తీర్పు చెప్పలేను గానీ, మీరు రాసిన లక్షణాలన్నీ విడివిడిగా రికార్డు చేయడం వల్ల వచ్చేవే. జాజ్‌లో సగం సంగీతం ఎదుటివాడు వాయించినదానికి బదులుగా పుడుతుంది. ముందే వాయించేసి వెళ్లినవాడు మీ నిలుపుకు బదులు ఎట్లా చెప్పగలడు?

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌ను 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండు రోజుల్లో న్యూయార్క్‌లోని కొలంబియా రికార్డుల కంపెనీ వారి 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. అది అంతకుముందు చర్చి భవనం. వాద్యకారుల చేతికి పూర్తిగా రాసిన స్వరలిపి ఇవ్వకుండా, ఏ స్వరాల మీద నడవాలో చెప్పే చిన్న రూపురేఖలు మాత్రమే ఇచ్చారు. అందువల్ల కాగితం చూసే పని తగ్గి, ఒకరినొకరు వినే పని పెరిగింది. ఆ స్థాయి వాద్యకారులు మనకు లేకపోవచ్చు గానీ ఆ పద్ధతి ఎవరికైనా అందుతుంది.

గది విషయం కొంచెం వివరంగా చెబుతాను. ధ్వని ఒక అడుగు దూరం దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. మీ 70 టెంపోలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య 857 మిల్లీసెకన్లు ఉంటాయి. సోల్‌లో మనం ఇష్టపడే ఆ వాలు, అంటే డ్రమ్స్‌లో హైహ్యాట్ (పెడలుతో మూసే జంట కంచు తాళాలు) నిలకడగా నడుస్తుంటే స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) కాస్త ఆలస్యంగా వచ్చి కూర్చోవడం, ఇరవై ముప్పై మిల్లీసెకన్ల వ్యవహారం. డ్రమ్స్‌కు పాతిక అడుగుల దూరంలో బేస్ వాయించే మనిషి కూర్చుంటే, ఆ వాలు అంతా దూరంలోనే కలిసిపోతుంది. కాబట్టి పెద్ద హాలు దొరికినా మధ్యలో దగ్గర దగ్గరగా, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా కూర్చోండి. వెనక్కి వాలే పని అందరూ చేస్తే పాట నెమ్మదించిపోతుంది. ఒకరు నిలబడితేనే మరొకరు వాలగలరు. మా బృందంలో హైహ్యాట్, బేస్ నిలబడతాయి, స్నేర్, గొంతు వాలతాయి.

ఫంక్షన్ హాలు తీసుకుంటే పాలరాతి నేల మీద ధ్వని విపరీతంగా తిరిగి వస్తుంది. కొత్తవాడలో నేసే జంపఖానాలను నేల మీద పరిచి, మరికొన్నింటిని రెండు మడతలు వేసి గోడకు కాస్త ఎడంగా వేలాడదీయండి. నూలు గుడ్డ డ్రమ్స్‌లోని కంచు తాళాల జిలుగును మింగుతుంది గానీ బేస్ గుమకను మింగలేదు. దానికి మూలల్లో దూది పరుపులు నిలబెట్టాలి. ఒక మైకులోకి మరొక వాద్యం కొంత రావడం సహజం, దానికి భయపడవద్దు. మైకు తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో, దానికి కనీసం మూడు రెట్ల దూరంలో పక్క మైకు ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. 24 బిట్లలో రికార్డు చేస్తూ, గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర, అంటే శబ్దం పగిలే హద్దుకు అంత కిందగా, ఉంచండి. క్లిక్‌ను మొదటి నాలుగు లెక్కలకే వాడి ఆపేయండి. కాజీపేట జంక్షన్‌కు దగ్గర గది మాత్రం వద్దు. గూడ్సు బండి వెళ్లినప్పుడు వచ్చే అదురు చెవికి తెలియకపోయినా మైకుకు తెలుస్తుంది.

జవాబు: బ్యాండుమేళం ఇంటివాడు

నేను పెళ్లి బ్యాండు కుటుంబం నుంచి వచ్చినవాణ్ని. ఆ ఇద్దరు పెద్దవాళ్ల తరఫున రెండు మాటలు చెప్పాలని ఉంది.

ముందుగా ఆ పాటలు ఏ శ్రుతిలో ఉన్నాయో చూడండి. ఇంట్లో గిటారు మీద కట్టిన పాటలు తరచుగా మూడు శ్రుతిలో, అంటే ఈ మేజర్‌లో, ఉంటాయి. ఖాళీ తీగలు కలిసివస్తాయి కాబట్టి గిటారుకు అది సుఖం. ట్రంపెట్, ఆల్టో శాక్సఫోన్ వాయించేవాళ్లు పట్టే స్వరం పేరు ఒకటి, బయటికి వినిపించే స్వరం మరొకటి కాబట్టి, అదే పాట ట్రంపెట్ మీదకు వచ్చేసరికి నాలుగున్నర అవుతుంది, ఆల్టో శాక్సఫోన్ మీద ఒకటిన్నర అవుతుంది. ఒకదానిలో ఆరు షార్పులు (అర మెట్టు పెంచిన స్వరాలు), మరొకదానిలో ఏడు; ఎన్ని ఎక్కువైతే వేళ్లకు అంత కష్టం. పాటను అర మెట్టు దించి రెండున్నరలో పెడితే ట్రంపెట్‌కు ఒకే ఒక ఫ్లాట్ (అర మెట్టు దించిన స్వరం) ఉంటుంది, ఆల్టోకు ఒక్కటీ ఉండదు. గిటారు ఉంటే తీగలన్నీ అర మెట్టు దించి పాత చేతివాటంతోనే వాయించుకోవచ్చు. మీ గొంతుకు కూడా ఆ అర మెట్టు హాయిగా ఉండవచ్చు. వేళ్లు వెతుక్కునే పని తప్పిన రోజున వాళ్ల వాయిద్యంలో ఎంత పలుకుందో మీకే తెలుస్తుంది.

మాటల మీదుగా వాయించడం వాళ్ల వృత్తి నేర్పిన పద్ధతి. బరాత్‌లో పాడేవాళ్లు ఉండరు, పాట మొత్తాన్ని ట్రంపెట్టే పాడాలి, నలుగురూ ఒకే వరుసను గట్టిగా పట్టుకుంటేనే వీధి చివరికి వినిపిస్తుంది. సోల్‌లో బూరల పని వేరు. గాయని పంక్తి ముగించి ఊపిరి తీసుకునే చోట రెండు మూడు స్వరాలతో జవాబు చెప్పి తప్పుకోవాలి. దీన్ని స్వరలిపిలో రాసి చేతికి ఇవ్వకండి. మీరు పంక్తి పాడి, ఆగి, వాళ్లు పలకవలసిన జవాబును కూడా మీరే నోటితో పాడి వినిపించండి. వినికిడితో నేర్చినవాళ్లు ఒక్కసారికే పట్టుకుంటారు. తర్వాత ‘మీకు తోచిన జవాబు చెప్పండి’ అని వదిలేయండి. అక్కడి నుంచి వచ్చేదే మీ ఆల్బమ్‌ను మరే ఆల్బమ్‌లాగా కాకుండా చేస్తుంది.

పెళ్లి ముహూర్తాలు ఉన్న నెలల్లో వాళ్లను పిలవకండి. రాత్రంతా ఊరేగింపులో ఊదిన పెదవులు మరునాడు మెల్లని స్వరం పలకలేవు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి, బోనాల ఊరేగింపులున్న రోజులు తప్పించి అడగండి. వానాకాలం కాబట్టి రేకుల కప్పు లేని గదిని చూసుకోవాలి.

జవాబు: సంగీతం టీచరు, వరంగల్

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే ఒక విషయంలో కొంచెం విభేదిస్తున్నాను. విడిగా రికార్డు చేసి ఒకదానిపై ఒకటి పేర్చడాన్ని శత్రువుగా చూడనక్కరలేదు. సోల్ గాయకుడు మార్విన్ గే 1971లో తెచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’లో ఆయన గొంతే రెండు మూడు పొరలుగా వినిపిస్తుంది. ఆయన విడివిడిగా పాడిన రెండు గానాలను ఇంజనీరు పొరపాటున ఒకేసారి వినిపిస్తే, అది నచ్చి, ఆ పద్ధతినే ఉంచుకున్నారు. నా అభిప్రాయంలో తాళవాద్యాలు, బేస్, కీబోర్డు, మీ ప్రధాన గానం ఒకే గదిలో, ఒకే సమయంలో రావాలి. వంత గొంతులు తర్వాత నిదానంగా పేర్చుకోవచ్చు. బూరలు మాత్రం మీ ఎదుటే వాయించాలి, ఎందుకంటే అవి మీతో మాట్లాడుతున్నాయి.

మరొక సంగతి, మన గమకాలను గురించి. జాజ్‌లో డోరియన్ అనే స్వరక్రమం మన కర్ణాటక రాగం ఖరహరప్రియ స్వరస్థానాలే. అందువల్ల మన గాయనీగాయకులు ఆ సంగీతంలోకి సులువుగా అడుగుపెట్టగలుగుతారు. అయితే ఖరహరప్రియలో సాధారణ గాంధారాన్ని మనం ఊపుతూ పాడతాం, కీబోర్డు మీద మైనర్ సెవెంత్ కార్డులో (ఒకేసారి కలిపి మోగించే నాలుగు స్వరాల గుంపులో) అదే గాంధారం కదలకుండా నిలిచి ఉంటుంది. రెండూ ఒకేసారి మోగితే శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది, తప్పు ఎవరిదీ కాకపోయినా. గమకం పాడదలచిన చోట కీబోర్డు వాయించేవారిని గాంధారం వదిలేసి షడ్జమ, పంచమాలతో మాత్రమే నిలవమని అడగండి. కార్డు నిండుగా మోగే చోట మీరు స్వరాన్ని నిటారుగా పాడండి.

సాహిత్యంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. సోల్ గానంలో ఒక అక్షరం మీద పది స్వరాలు ఒలికించడం ఉంటుంది గనుక, ఆ చోట దీర్ఘాక్షరం పడేలా పంక్తిని కట్టుకోండి. హ్రస్వాన్ని సాగదీస్తే తెలుగు వినేవాళ్లకు మాట తెగిపోతుంది, అర్థం కోసం వెతుక్కుంటూ పాటను వదిలేస్తారు. మీరు నిలిచే ఆ చరణం చివరి మాటను ఒకసారి ఈ దృష్టితో చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఫాతిమానగర్ గాయని

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. టీచరు గారూ, మీరన్నట్టు ఆ చరణం చివరి మాట హ్రస్వంతోనే ముగుస్తోంది, దాన్ని మారుస్తాను. ఎనిమిదింటిలో నాలుగు పాటలు మూడు శ్రుతిలో ఉన్నాయి, వాటన్నింటినీ రెండున్నరకు దించి పాడి చూస్తాను. ఆషాఢంలో ఒక ఫంక్షన్ హాలు అడిగి పెడతాం. మిక్సింగు, విడుదల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు: హనుమకొండ డ్రమ్స్

మిక్సింగు అయ్యాక పాటకు చివరి మెరుగు పెట్టే మాస్టరింగులో ధ్వనిని పిండి గట్టిగా చేయవద్దు. స్పాటిఫై వంటి వేదికలు పాటలన్నింటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినికిడి బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దరిదాపులకు సర్దుతాయి కాబట్టి, మీరు పెంచిన బిగ్గరతనాన్ని అవి తగ్గించేస్తాయి, పోయిన సున్నితత్వం మాత్రం తిరిగి రాదు. ప్రతి రికార్డింగుకు దాన్ని గుర్తించే పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంకేతం ఉండాలి, పాటలను వేదికలకు చేర్చే పంపిణీ సంస్థే సాధారణంగా దాన్ని ఇస్తుంది. రచయిత్రిగా, స్వరకర్తగా ఐపీఆర్‌ఎస్‌లో (గేయరచయితల, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ) సభ్యత్వం తీసుకుంటే ఆ హక్కుల రాయల్టీ అక్కడి నుంచి వస్తుంది.

హాలులో మొదటి పాట మొదలుపెట్టకముందే అందరి వాటాలూ కాగితం మీద రాసుకోండి. పెద్దవాళ్లు తమంతట తాము అల్లిన పంక్తి ఏదైనా ఆ పాటకు గుర్తుగా నిలిస్తే, అది వాయించినందుకు ఇచ్చే కూలితో తీరేది కాదు, స్వరకల్పనలో వాళ్లకు కూడా భాగం ఉంటుంది. ఆల్బమ్ వివరాల్లో పేర్లు ఎట్లా రాయాలో కూడా ఆ రోజే వాళ్లను అడిగి రాసుకోండి.