ఆధారాలు దొరకలేదని హత్య కేసును పోలీసులు మూసివేయవచ్చా?

కందుకూరు వాసి
మా మేనమామ 2011లో పొలం వద్ద కాపలా పడుకున్న రాత్రి హత్యకు గురయ్యారు. పోలీసు కుక్క తారురోడ్డు దాకా వెళ్లి ఆగిపోయింది, దర్యాప్తు కూడా అంతకంటే ముందుకు పోలేదు. సీఐ మారినప్పుడల్లా మా అత్త స్టేషన్‌కు వెళ్లి, ఆ రాత్రి సంగతి మొదటి నుంచీ చెప్పుకొనేది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసిన తరువాత ఒంగోలుకు బదులు నెల్లూరు ఎస్పీ కార్యాలయానికి వెళ్లాము. ఆ కేసును ‘అన్‌డిటెక్టెడ్’ (నేరస్థుడు తెలియలేదు) అని ఎప్పుడో రిఫర్ చేశారని, అంటే దర్యాప్తు ముగించి కోర్టుకు నివేదిక పంపేశారని అక్కడే మొదటిసారి తెలిసింది. హత్యానేరానికి కాలపరిమితి లేదని చట్టమే చెబుతుండగా, దర్యాప్తును ముగించే అధికారం పోలీసులకు ఎందుకుండాలి? ఉండకూడదని నా వాదన.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, ఒంగోలు
బాబూ, మీ అత్తగారికి ఒక్క మాటైనా చెప్పకపోవడం తప్పే, దానిని నేను సమర్థించను. అయితే మూసివేయడమే వద్దంటే మరొక అన్యాయం జరుగుతుంది. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగినప్పుడు రాష్ట్రమంతా నిందితుడు ఎవరని అడిగింది. ఒక యువకుడిని అరెస్టు చేశారు, 2010లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017లో హైకోర్టు అతడిని నిర్దోషిగా విడిచిపెట్టింది. అతడి ఎనిమిదేళ్లకు పైగా కాలం జైలులో పోయింది, ఆ విద్యార్థిని తల్లిదండ్రుల ప్రశ్న మాత్రం మొదటికే వచ్చింది. దొరకలేదని నిజాయతీగా రాసే వీలు లేకపోతే, ఎవరినో ఒకరిని చూపించాలన్న ఒత్తిడి స్టేషన్ మీద పడుతుంది. కొత్త ఆధారం వస్తే మూసిన కేసులో కూడా మళ్లీ దర్యాప్తు చేయవచ్చు.

న్యాయవాది, కావలి
కేసును మూసేది పోలీసులు కాదు. వారు తుది నివేదిక ఇస్తారు, అంగీకరించాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ నిర్ణయిస్తారు. అంగీకరించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అభ్యంతరం వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కాబట్టి ఆ ఫిర్యాదుపై సంతకం ఎవరిదో, నోటీసు ఎవరికి ఇచ్చామని రికార్డులో రాశారో ముందు చూడండి. దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. మీది పాత కేసు కనుక దానికి పాత చట్టమే వర్తిస్తుంది. అయితే హంతకుడెవరో తెలియకపోయినా మృతుని ఆశ్రితులు పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకొనే వీలు ఆ పాత చట్టంలోని 357ఎ సెక్షన్‌లోనే ఉంది. ఈ సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు ఊరుకున్నాయో తలచుకుంటే బాధ కలుగుతుంది.

కందుకూరు వాసి
పెద్దవారు చెప్పిన ప్రమాదాన్ని నేను కాదనను. మా కోసం అమాయకుడెవరైనా జైలుకు పోవాలని అత్త ఏనాడూ కోరలేదు. కానీ కొత్త ఆధారం దానంతట అదే స్టేషన్‌కు నడిచి రాదు. ఒంగోలు హైవే మీద లారీలు ఆపి డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపి పాతిపెట్టిన ముఠా 2008లో బయటపడిందంటే, ఇనుము లోడుతో మాయమైన లారీ కోసం దాని యజమాని ఫిర్యాదు చేశారు కనుకనే. ఆ కేసులోనూ 12 మందికి ఉరిశిక్ష విధిస్తూ ఒంగోలు కోర్టు తీర్పు చెప్పేసరికి 2021 మే నెల వచ్చింది. వెంటపడే స్తోమత లేని ఇంటి తరఫున వెంటపడేది ఎవరు? కేసు మూసినా, జిల్లాలో ఒక అధికారి ఏడాదికొకసారి ఆ ఫైలు తెరిచి, చూసినట్లు ఆ ఇంటికి రాతపూర్వకంగా తెలపాలని మాత్రం అడుగుతున్నాను.

లాయరు గారూ, సోమవారం కోర్టులో ఆ రికార్డు నకలుకు దరఖాస్తు పెడతాను. పరిహారం మాట అత్తతో ఇంకా అనలేదు. ఆమె అడిగింది వేరు. పంచనామా రోజున పోలీసులు తీసుకెళ్లిన మామయ్య దుప్పటి తిరిగి ఇస్తారా అని అడిగింది. అది ఇంటికి వస్తే ఉన్న ఒక్క ఆధారమూ పోతుందేమోనని నా భయం. ఇంతకీ అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటుంది, అసలు ఉంచారో లేదో ఎవరిని అడగాలి?