తలకు పెద్ద దెబ్బ తగిలితే మరుపు ఎంత ఉంటుందో మొదటి వారంలోనే చెప్పాలా?

పెన్నాగట్టు:
మా మేనల్లుడు బైకు మీంచి పడ్డాడు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోరు) 6 అని రాశారు. ప్రాణగండం గడిచింది. "మళ్ళీ చదువుకోగలడా?" అని అక్క అడిగితే డాక్టరుగారు ఇప్పుడే చెప్పలేం అన్నారు. ఇన్ని స్కానులు తీశాక కూడా ఓ అంచనా ఇవ్వకపోవడం దాటవేయడమే అంటాను. మీరేమంటారు?

న్యూరోవార్డు:
నేను నర్సునండీ. దాటవేత అనుకోకండి. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ తెచ్చిన ఆ కొలతలో చూసేది కళ్ళు తెరవడం, మాట, కదలిక. 15కి 8, అంతకన్నా తక్కువైతే తీవ్రమైన గాయం. గొంతులో గొట్టం వేస్తే మాటకు మార్కు వేయడమే కుదరదు, మత్తుమందు మిగతావాటినీ తగ్గించేస్తుంది. క్రాష్, ఇంపాక్ట్ అనే లెక్కలున్నాయి. వయసు, కంటిపాపల స్పందన, సీటీ వివరాలు ఇస్తే ఆరు నెలలకు ప్రాణం, వైకల్యం సంగతి అంచనా కడతాయి. కొత్త పాఠం గుర్తుంటుందా అన్న ప్రశ్న వాటిలో లేదు.

గోదారిగాలి:
మరి ఎమ్మారై? సీటీలో దొరకని నరాల తంతువుల దెబ్బ అందులో కనిపిస్తుంది కదా. ఆ ఇంట్లోవాళ్ళు అప్పులు చేస్తున్నారు. "ఇంత నుంచి ఇంత దాకా" అనైనా చెప్పాలి.

న్యూరోవార్డు:
ఎమ్మారైలో మచ్చలు ఎక్కువున్నా తేరుకున్నవాళ్ళున్నారు, ఏమీ కనపడకపోయినా నిన్నటి మాట నిలవనివాళ్ళూ ఉన్నారు. నేను ఎక్కువ నమ్మేది వేరే ఉంది. స్పృహ వచ్చాక కూడా కొన్నాళ్ళు ఏదీ మనసులో నిలవదు. ఆ దశ ఎంత సాగితే తర్వాత మరుపు అంత ఎక్కువుండే అవకాశం. వెస్ట్‌మీడ్ అనే పరీక్ష పద్ధతిలో రోజూ ఉన్న చోటు పేరు, నెల, సంవత్సరం లాంటివి అడుగుతారు, మూడు బొమ్మలు చూపించి మర్నాడు గుర్తున్నాయా అని చూస్తారు. వరుసగా మూడు రోజులు 12కి 12 వస్తే ఆ దశ ముగిసినట్టు. వారంలో ముగియడానికీ నెల దాటడానికీ చాలా తేడా ఉంది. మనవాళ్ళేమో అమ్మను గుర్తుపట్టగానే బాగైపోయాడనుకుంటారు. పాత జ్ఞాపకాలు ఉండి కొత్తవి నిలవకపోవడమే చదువుకునే పిల్లాడికి అసలు కష్టం.

పెన్నాగట్టు:
మావాణ్ణి ఆ ప్రశ్నలు ఎవరూ అడగలేదండీ.

న్యూరోవార్డు:
మత్తు తగ్గించారా? తగ్గిస్తే రేపు రౌండ్స్‌లో మీరే అడగండి, ఆ పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారని. ఈలోగా వాడు నిన్నటిది చెప్పగలిగాడో లేదో తేదీ వేసి రాసిపెట్టండి.

గోదారిగాలి:
మొదటి వారంలో కుదరదన్నది ఒప్పుకుంటాను. ఏ పరీక్ష అయ్యాక చెబుతారో మాత్రం మొదటి రోజే చెప్పాలి. గడువు లేని "చూద్దాం" నాకు సమ్మతం కాదు.