యూనిసైకిల్‌కి క్లిప్ పెడల్స్ వేసుకోవచ్చా? కాలు లేచిపోతోంది

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. 29 అంగుళాల యూనిసైకిల్ (ఒంటి చక్రం సైకిల్) తొక్కడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. తారు రోడ్డు మీద ఇబ్బందేం లేదు కానీ గులకరాళ్ల దారిలో పల్లం దిగేటప్పుడు ఎడమకాలు పెడల్ మీంచి లేచిపోతోంది. పోయిన వారం అలా కాలు లేచి నేల మీద పడేలోపే పెడల్ తిరిగొచ్చి పిక్కని వెనకనుంచి కొట్టింది, ఇంకా కమిలిపోయే ఉంది. అప్పట్నుంచి పల్లం కనిపిస్తే చాలు టెన్షన్. రోడ్డు సైకిళ్లకి బూటు కింద క్లీట్ అనే బిళ్ల బిగించి టక్కున ఇరికించే పెడల్స్ ఉంటాయి కదా, లేదంటే వేళ్ల మీదుగా బెల్టు వేసేవి. అవి దీనికి పనికొస్తాయా? ఎవరైనా వాడి చూశారా?

ముంగాలు:
వద్దండీ, దయచేసి బెల్టు జోలికి అసలు పోకండి. రెండు చక్రాల సైకిల్ మీద ఆగితే పక్కకి ఒరుగుతాం, చేతిలో హ్యాండిల్ ఉంటుంది, మడమ తిప్పి కాలు బయటికి తీసే తీరిక దొరుకుతుంది. మనకి అలా కాదు. చక్రం రాయికి తగిలి ఆగిందంటే ఒళ్లు ముందుకి వెళ్లిపోతుంది, ఆ క్షణంలోనే ఒక కాలు ముందు నేల మీద పడాలి, రెండోది దాని వెనకే పరుగెత్తాలి. మనల్ని కాపాడేది ఆ రెండు అడుగులే. బెల్టులోంచి కాలు రావాలంటే వెనక్కి లాగాలి, పడేటప్పుడు కాలు వెళ్లాల్సింది ముందుకి. అది రాకపోతే ముందు నేలకి తగిలేవి మణికట్లు, ఆ తర్వాత గడ్డం.

అసలు కాలు ఎందుకు లేస్తోందో చూడండి. బరువు సీటు మీద ఉందా, కాళ్ల మీద ఉందా? పల్లంలో భయంతో కాళ్లు బిగబట్టి వెనక్కి నొక్కుతూ దిగుతుంటే ప్రతి రాయీ ఆ బిగిసిన కాలినే ఎగరేస్తుంది. సీటు ఎత్తు కూడా సరిచూసుకోండి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే మోకాలు దాదాపు నిటారుగా రావాలి.

దూరప్రయాణం:
నేను 36 అంగుళాల దాని మీద క్లిప్ పెడల్స్ రెండేళ్లుగా వాడుతున్నా కాబట్టి నా అనుభవం చెప్తాను. నా చక్రం ఒక్క చుట్టుకి దాదాపు 2.87 మీటర్లు పోతుంది, అంటే గంటకి 20 కి.మీ. వేగంలో పెడల్ నిమిషానికి 116 సార్లు తిరుగుతుంది. తొక్కడం ఆపినా చక్రం దానంతటది తిరిగేలా చేసే ఫ్రీవీల్ లేదు, కాలు ఆపడానికి లేదు. ఆ వేగంలో పాదం ఉన్నచోటే ఉంటే గంటల తరబడి తొక్కినా పాదం సర్దుకునే పని లేదు, అది నిజంగా హాయి.

కానీ దానికి నేను పడ్డ అవస్థ కూడా వినండి. పక్కకే కాకుండా పైకి లాగినా ఊడొచ్చే మల్టీ రిలీజ్ క్లీట్ వేశాను, పెడల్ మీద బిగింపు మరని 3 మి.మీ. అలెన్ కీతో పూర్తిగా వదులు చేశాను. అయినా మొదటి నెల గడ్డి మీదే, పడటం, లేవడం. రిస్ట్ గార్డ్ ఉన్నా మణికట్టు రెండు వారాలు వాచింది. ఎక్కడం ఇంకా కష్టం, చక్రం కదులుతుండగా చూడకుండా రెండో క్లీట్‌కి చోటు వెతకాలి, అందుకే నాకు ఇప్పటికీ స్తంభమో గోడో కావాలి. అదీ ఖాళీగా ఉన్న నున్నటి రోడ్డు మీదే. గులకరాళ్ల పల్లానికైతే నేను కూడా వేసుకోను.

కొత్తచక్రం:
ఇద్దరికీ థ్యాంక్స్. బెల్టు ఆలోచన వదిలేశా. మరి అయస్కాంతం పెడల్స్ సంగతేంటి, అవి తేలిగ్గా ఊడతాయంటారు కదా?

పిన్నుపెడల్:
క్లీట్ కన్నా తేలికే, కానీ బూటు కింద ఇనుప బిళ్ల ఉంటుంది, దానికీ పెడల్‌కీ మధ్య మట్టి చేరితే పట్టు పోతుంది. మీ దారికి పిన్నులున్న పెడల్సే మేలు. ప్లాస్టిక్ పెడల్ తీసేసి స్క్రూల్లా బిగించే లోహపు పిన్నులున్నవి వేయండి (ఎడమ పెడల్‌ది రివర్స్ మర, మర్చిపోవద్దు). బూటు అడుగు చదునుగా, మెత్తటి రబ్బరుతో ఉండాలి, గుండ్రంగా పైకి లేచే రన్నింగ్ షూ అడుగుని పిన్ను సరిగ్గా పట్టదు. షిన్ గార్డు లేకుండా మాత్రం ఎక్కొద్దు, ఈసారి కొడితే చర్మం లేచిపోతుంది. లేసు కొసలు లోపలికి దోపండి, క్రాంకుకి (పెడల్ బిగించే కడ్డీకి) చుట్టుకుంటే బెల్టు కట్టినంత పనీ అవుతుంది. వీలైతే సీటు కింద డిస్క్ బ్రేక్ లివర్ పెట్టించుకోండి, వేగం ఆపే పని బ్రేక్ చూసుకుంటే పల్లంలో కాళ్లు బిగబట్టక్కర్లేదు.

కొత్తచక్రం:
మూడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చా. సీటు రెండు వేళ్ల మందం పైకి లేపాను, పిన్ను పెడల్స్ వేశాను. అదే పల్లం నిన్న నాలుగుసార్లు దిగితే ఒక్కసారే చక్రం మీంచి దూకేయాల్సొచ్చింది, అప్పుడు కూడా రెండు కాళ్ల మీదే నిలబడ్డాను. ఇప్పుడు ఇబ్బందల్లా పాదం వంకరగా పడితే పిన్నులు గట్టిగా పట్టేసి సర్దుకోనివ్వడం లేదు. నడి మధ్యలో రెండు పిన్నులు తీసేస్తే కాస్త తిప్పుకోవచ్చేమో, రేపు తీసి చూస్తా.