పాలిప్ తీశారు: అలవాట్లలో ముందు దేన్ని మార్చాలి?

వేకువనడక: నాకు 47 ఏళ్లు. గత నెల కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) పెద్దపేగులో 12 మిల్లీమీటర్ల పాలిప్, అంటే లోపలి గోడ మీద పెరిగిన కండ, కనబడగా, సన్నని తీగ ఉచ్చు బిగించి అక్కడికక్కడే తీసివేశారు. బయాప్సీలో అది అడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం) అని, ఇంకా క్యాన్సర్‌గా మారలేదని తేలింది. సిగరెట్లు, మద్యం, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, పెరిగిన పొట్ట, నాలుగూ నాకున్నాయి. ముందు దేని పని పట్టాలి? 39 ఏళ్ల మా తమ్ముడికి కూడా పరీక్ష అవసరమా?

పాతకాపు: మాంసం సంగతి మీరు రాయనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చింది, అంటే రెండూ సమానంగా ప్రమాదకరమన్నమాట. సాసేజ్, బేకన్ నేను ఆ ఏడే మానేశాను.

లెక్కలపిచ్చి: ఆ ‘అన్నమాట’ మీదే గాని ఆ సంస్థది కాదు. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. జీవితకాలంలో 100 మందిలో 5గురికి వచ్చే చోట అది దాదాపు 6గురవుతుంది.

పాతకాపు: ఆ ఆరో మనిషి మా నాన్నగారండీ. మలంలో రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఎనిమిది నెలలు పూతమందుతో గడిపాము. మీ శాతాలు మీ దగ్గరే ఉంచుకోండి.

లెక్కలపిచ్చి: మీ బాధను నేను కాదనడం లేదు. కానీ ఆయన పొగ తాగేవారో లేదో చెప్పకుండా నెపమంతా సాసేజ్ మీద వేయడం న్యాయం కాదు.

స్కోపుగది: ఎండోస్కోపీ గదిలో 20 ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా చెబుతున్నాను, మీ ఇద్దరి వాదనా కాగితానికే పనికొస్తుంది. మాంసం, మద్యం ముట్టని బక్కపలచని మనుషుల పేగుల్లోనూ కాడ మీద పుట్టగొడుగులా నిలిచిన పాలిప్‌లను చూశాను. పరీక్షకు ముందు పేగు శుభ్రం కావడానికిచ్చే విరేచనాల మందు సగం తాగి, మిగతాది సింకులో పారబోసి వచ్చేవారిని తలచుకుంటేనే నాకు భయం. పేగులో మలం మిగిలితే చదునైన పాలిప్ దాని కింద దాగిపోతుంది.

లెక్కలపిచ్చి: మీ గదికి వచ్చినవారినే మీరు చూస్తారు కదా! అలవాట్లు లేనివారికీ వస్తుంది గనుక అలవాట్లకు సంబంధం లేదనడం ఏ తర్కం?

పీచుపక్షం: ఇంతసేపూ పీచు పేరు ఎవరూ ఎత్తలేదు. పీచు తక్కువ తినేచోట పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువని బర్కిట్ అనే వైద్యుడు 1971లోనే చెప్పారు.

స్కోపుగది: 2000లో వెలువడిన ప్రయోగంలో నాలుగేళ్లు పీచు ఎక్కువగా తినిపించినా పాలిప్‌లు తిరిగి రావడం తగ్గలేదు.

పీచుపక్షం: అడినోమా క్యాన్సర్‌గా మారడానికే పదేళ్ల దాకా పడుతుంటే, నాలుగేళ్ల ప్రయోగంతో తీర్పు చెప్పేస్తారా?

వేకువనడక: అయ్యా, నా తమ్ముడి సంగతి?

స్కోపుగది: 10 మిల్లీమీటర్లు దాటిన అడినోమాను ముదిరినదిగానే లెక్కిస్తారు. అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాల సూచన ప్రకారం తోడబుట్టినవారికి 40 ఏళ్లకు గాని, మీకు కనబడిన వయసుకు పదేళ్ల ముందు గాని, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయాలి. మీ లెక్కన 37, అంటే ఆయనకు ఇప్పటికే రెండేళ్లు ఆలస్యమైంది. మీకు మూడేళ్లకు మళ్లీ చేస్తారు.

లెక్కలపిచ్చి: ముందు సిగరెట్, ఆపై మద్యం వదలండి. నడక పెద్దపేగుకు మేలు చేస్తుందని గట్టి సాక్ష్యం ఉంది; మలాశయం విషయంలో అంత లేదు.

పాతకాపు: బేకన్ కూడా అని రాయడానికి మీకు చేయి రాలేదు.