బ్లాక్ లైవ్స్ మ్యాటర్ మీద పేపర్లు చదువుతున్నా, ఏది నమ్మాలో ఎలా తేల్చుకోవాలి?

తార్నాక శ్రావణి
అందరికీ నమస్తే. ఉస్మానియాలో ఎంఏ సోషియాలజీ చేస్తున్నా, సెమినార్‌కి ఈ టాపిక్ తీసుకున్నా. అమెరికాలో నల్లజాతివాళ్ల మీద పోలీసు హింసకి వ్యతిరేకంగా వచ్చిన ఉద్యమం కదా, 2013లో ఒక హ్యాష్‌ట్యాగ్‌గా మొదలైంది 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయాక అంత పెద్ద ఉద్యమం ఎలా అయిందో చెప్పాలని. చదివేకొద్దీ అయోమయంగా ఉంది, కొందరు రచయితలు తామే ర్యాలీల్లో నడిచామని ముందే రాసేసుకుంటారు, ఇంకోవైపు పోలీసు కాల్పుల్లో వివక్ష కనబడలేదని హార్వర్డ్ ప్రొఫెసర్ పేపర్ ఉంది. ఉద్యమంలో ఉన్నోళ్లు రాసేది ప్రచారమే గానీ రీసెర్చ్ కాదని మా క్లాస్‌లో ఒకతను గట్టిగా వాదిస్తున్నాడు, నాకది సరి అనిపించట్లేదు కానీ జవాబు చెప్పలేకపోతున్నా. మీరైతే ఏం చూస్తారు?

సీతాఫల్‌మండి అన్న
చెల్లె, రాసింది ఎవరన్నది తర్వాత, ముందు ఎవరిని లెక్కపెట్టిండ్రో చూడు. నువ్వు చెప్పేది రోలాండ్ ఫ్రయర్ పేపర్ అయ్యుంటది, 2016ల ముసాయిదాగ వచ్చి 2019ల జర్నల్‌ల అచ్చయింది. నెట్టుడు, బేడీలేసుడు లాంటి వాటిల్ల నల్లజాతోళ్ల మీద బలప్రయోగం ఎక్కువని అండ్లనే ఉంది, కాల్పుల్ల మాత్రం తేడా దొరకలేదన్నడు. ఒక పక్కోళ్లు మొదటి సగం చెప్తరు, ఇంకో పక్కోళ్లు రెండో సగం. అసలు చిక్కేందంటే పోలీస్ రికార్డుల్ల ఉండేది పోలీసులు ఆపినోళ్లే కదా, ఏ కారణం లేకున్నా నల్లజాతోళ్లను ఎక్కువ ఆపితే ఆ లెక్కల వాళ్ల సంఖ్య పెరిగిపోయి, వివక్ష ఉన్నా శాతంల కనబడది. నాక్స్, లోవ్, ముమోలో అని ముగ్గురు 2020ల సరిగ్గా దీని మీదనే రాసిండ్రు. ఫ్రయర్ కూడా నల్లజాతి మనిషే, రాసినోళ్ల పుట్టుక చూసి తీర్పు చెప్పలేం.
ఇంకోటి, 2019ల పీఎన్‌ఏఎస్ అనే పెద్ద సైన్స్ జర్నల్‌ల ఒక పేపర్ వచ్చింది, మైనారిటీలను కాల్చే అవకాశం వేరే పోలీసుల కన్నా తెల్ల పోలీసులకు ఎక్కువేం లేదని. కానీ వాళ్ల డేటాల ఉన్నది కాల్పుల్ల చనిపోయినోళ్లే, పోలీసులు ఎదురుపడ్డా కాల్పులు జరగని సందర్భాలు అండ్ల లేనే లేవు, ఇగ అవకాశం ఎట్ల చెప్తరు? ముందు దిద్దుబాటు వేసిండ్రు, 2020 జులైల రచయితలే వెనక్కి తీసుకున్నరు. పెద్ద జర్నల్ అని ఆగిపోకు, వచ్చినాక ఏమైందో కూడా వెతుకు.

మెహదీపట్నం మాధవి
మీ క్లాస్‌మేట్‌కి నల్లజాతి జర్నలిస్ట్ ఐడా బీ వెల్స్ గురించి చెప్పండి. 1892లో మెంఫిస్‌లో తన స్నేహితుణ్ణి మూక చంపేశాకే ఆవిడ లించింగ్‌ల (మూకహత్యల) మీద పరిశోధన మొదలుపెట్టింది, అంతకన్నా పక్షం ఏముంటుంది? కానీ 1895లో రాసినప్పుడు అంకెలు షికాగో ట్రిబ్యూన్ నుంచి తీసుకుంది, తెల్లవాళ్ల పత్రిక లెక్కలే కాబట్టి అతిశయోక్తి అని ఎవరూ కొట్టిపారేయలేరని. నల్లజాతి సోషియాలజిస్ట్ డుబోయిస్ కూడా అంతే, ఫిలడెల్ఫియాలో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే 1899లో వచ్చింది, 1909లో నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ పెట్టినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఉద్యమంలో ఉండటం పేపర్‌కి మచ్చ కాదండీ. రచయితకి తన వాదనకి అడ్డొచ్చే విషయం దొరికినప్పుడు దాన్ని రాశారా దాచారా అన్నది నేను మొదట వెతుకుతా. ఇంటర్వ్యూల మీద నడిచే పేపరైతే ఎవరితో మాట్లాడారో చూడండి, పేరున్న నాయకులతోనేనా, వదిలేసి వెళ్లిపోయినవాళ్లతో కూడానా. వదిలేసినవాళ్ల మాట లేకపోతే నాకు సగమే విన్నట్టుంటుంది.

తార్నాక శ్రావణి
చాలా థ్యాంక్స్ అన్నా, మాధవి గారూ. మరి 93 శాతం ప్రదర్శనలు శాంతియుతంగా జరిగాయని అందరూ రాస్తారు కదా, అది వాడొచ్చా?

సీతాఫల్‌మండి అన్న
వాడొచ్చు, అది నిరసనలు, హింస ఘటనల లెక్కలు తీసే ఏసీఎల్‌ఈడీ సంస్థ 2020 సెప్టెంబర్ రిపోర్ట్‌ల నంబర్. మే 26 నుంచి ఆగస్టు 22 దాకా 7,750కి పైగా ప్రదర్శనలు లెక్కగట్టిండ్రు, ఎక్కువగా వార్తల నుంచి తీసి. అది జర్నల్ పేపర్ కాదు, డేటా ప్రాజెక్ట్. లెక్కించింది ప్రదర్శనలను, మనుషులను కాదు, నష్టాన్ని కూడా కాదు. వేలమంది వచ్చిన ర్యాలీ అయినా పదిమంది నిలబడ్డ జాగ అయినా ఒక్కటే లెక్క. ఆ మాట స్లైడ్ మీదనే రాయి, ప్రొఫెసర్ అడిగేదాక ఆగకు.