కేబుల్ నెట్ తీసేసి ఇంటికి 5జీ పెట్టె పెట్టించుకోవచ్చా? విజయవాడ దగ్గర పోరంకి, కానూరు వైపు ఎవరైనా వాడుతున్నారా?

పోరంకి_రెండో_అంతస్తు:

అందరికీ నమస్తే. పోరంకి సెంటర్ నుంచి కొంచెం లోపలికి, మూడంతస్తుల బిల్డింగ్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను, రోజుకి మూడు నాలుగు గంటలు వీడియో కాల్స్‌లోనే పోతాయి. ఇప్పుడు మా వీధి కేబుల్ ఆయన దగ్గర ఫైబర్ నెట్ తీసుకున్నాం. మనిషి మంచివాడే, పాపం ఫోన్ చేస్తే ఎత్తుతాడు, "అరగంటలో వస్తానమ్మా" అంటాడు, ఆ అరగంట మర్నాడు సాయంత్రం దాకా సాగుతుంది. గత రెండు నెలల్లో ఆరుసార్లు పోయింది. ఒకసారి డ్రైనేజీకి తవ్వితే తెగింది. ఒకసారి కరెంటు వాళ్లు చెట్టు కొమ్మలు కొట్టేస్తూ పనిలో పనిగా మా తీగ కూడా కొట్టేశారు. వినాయకుడి ఊరేగింపు రోజు ట్రాక్టర్ మీద కర్రతో తీగలు పైకెత్తే కుర్రాడు మా తీగ దగ్గరికొచ్చేసరికి సెల్ఫీలో ఉన్నాడు.

మొన్న మంగళవారం క్లయింట్ కాల్‌లో నేనే స్క్రీన్ చూపిస్తున్నాను, సరిగ్గా అప్పుడే పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ వేసి ఎలాగో లాగించాను కానీ అరగంటకి ఫోన్ ఇస్త్రీపెట్టెలా అయింది. మా తమ్ముడేమో "ఇంకా తీగలేంటక్కా, 5జీ పెట్టె పెట్టించుకో" అంటున్నాడు. మా ఆయనేమో "గాల్లో వచ్చేది గాల్లోనే పోతుంది" అంటారు.

ఇంట్లో నేను, ఆయన, అత్తయ్యగారు (సీరియల్స్ అన్నీ యూట్యూబ్‌లోనే), తొమ్మిదో తరగతి అబ్బాయి. ఓనరుగారు గోడకి మేకు కొట్టనివ్వరు. ఇంకో ఏడాదిలో ఇల్లు మారతామేమో కూడా. ఈ పరిస్థితిలో అది పనికొస్తుందా? వాడుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ప్రకటనల్లో చెప్పే స్పీడ్ కాదు.


కానూరు_డాబా:

మేడమ్, ఏడాది దాటింది, వాడుతున్నాను. మాది కానూరులో సొంత డాబా కాబట్టి ఓనర్ గొడవ లేదు. ముందు ఒక సంగతి, చాలామంది దీన్ని డాంగిల్‌కి పెద్దన్న అనుకుంటారు, అది కాదు. డాబా మీద తెల్లటి పెట్టె ఒకటి బిగిస్తారు, అదే టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటుంది, అక్కడినుంచి ఒక్క ఈథర్నెట్ తీగ ఇంట్లో రౌటర్ దాకా వస్తుంది, పైనున్న పెట్టెకి కరెంటు కూడా అదే తీగలో వెళ్తుంది. ఫోన్ అయితే గదిలో నాలుగు గోడల మధ్య కొట్టుకుంటుంది, ఈ పెట్టెకి ఆ బాధ లేదు. తేడా అంతా అక్కడే.

బిగించడానికి వచ్చిన కుర్రాడు చేసిన పని చెప్తాను. రాగానే డ్రిల్లింగ్ మిషన్ తియ్యలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని డాబా నాలుగు మూలలూ తిరిగాడు, ఒక్కో మూల నిమిషం నిలబడ్డాడు. మేం ముందువైపు పిట్టగోడ మీద పెట్టమన్నాం, చూడ్డానికి బాగుంటుందని. అక్కడ సిగ్నల్ బలం మైనస్ 104 చూపించింది. వెనక నీళ్ల ట్యాంకు పక్కన మైనస్ 83. ఈ నంబరు సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఇరవై అడుగుల దూరంలో అంత తేడా! ట్యాంకు దిమ్మకే బిగించాడు. మీకు వచ్చేవాడు అలా తిరక్కుండా "ఎక్కడ పెట్టమంటారు సార్" అని మిమ్మల్నే అడిగితే మాత్రం ఆపండి.

స్పీడ్ మేం తీసుకున్న 100 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) ప్లాన్‌కి పగలు 95 దాకా వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు 50, 60. ఐపీఎల్ రోజుల్లో ఇంకా తగ్గింది కానీ మ్యాచ్ ఆగలేదు. వాన పడితే పోతుందా అని అందరూ అడుగుతారు, మొన్నటి వానాకాలంలో వాన వల్ల పోయింది లేదు, కరెంటు పోతే పోయింది. ఇన్వర్టర్‌కి కలిపాక అదీ తీరింది.


బ్రాడీపేట_నాలుగో_లైను:

గుంటూరు నుంచి. నేను పెట్టె కాదు, సిమ్ రౌటర్ కొని వాడాను, ఆ తప్పు మీరు చెయ్యకండని రాస్తున్నా.

అది 4జీ రౌటర్, డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని ఉంటుంది, కాగితం మీది లెక్క అది, నాకు వచ్చింది 12 నుంచి 20. రోజుకి 2 జీబీ ప్లాన్ సిమ్ వేశాను. మా అమ్మాయి ఒక సినిమా సగం చూసేసరికి ఆ రెండూ అయిపోయేవి, ఆ తర్వాత 64 కేబీపీఎస్, అంటే వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా మధ్యాహ్నానికి తెరుచుకుంటుంది. ఇక మే నెల. మన గుంటూరు ఎండ సంగతి తెలుసుగా, సిగ్నల్ కోసం రౌటర్‌ని కిటికీలో పెట్టాల్సొచ్చింది, పదకొండింటికల్లా దాన్ని ముట్టుకోలేం, దానంతటదే ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. చివరికి దానికో టేబుల్ ఫ్యాన్ పెట్టాం. ఇంట్లో మనుషులకి లేని ఫ్యాన్.

"5జీ అన్‌లిమిటెడ్ కదా, ఫోన్ హాట్‌స్పాట్ చాలు" అనేవాళ్లకి కూడా ఒక మాట. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ వాళ్లు ఆ అన్‌లిమిటెడ్‌ని రోజుకి 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశారు. పైగా ఫోన్ 4జీకి జారిపోయిందంటే మళ్లీ ఆ 2 జీబీ లెక్కలోకే వస్తుంది. హాట్‌స్పాట్ అవసరానికి, కాపురానికి కాదు.


తీగలోడు_22:

ఫైబర్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా, ఏ కంపెనీయో అనవసరం. అమ్మా, నువ్వు తీగ తీసేసే ముందు ఒకటి తెలుసుకో, ఆ టవర్‌కి కూడా చాలాచోట్ల నెట్ తీగలోనే వస్తుంది. గాల్లో వచ్చేది టవర్ నుంచి మీ డాబా దాకా ఉన్న ఆఖరి ముక్క మాత్రమే. నీ వీధిలో పార దెబ్బ తప్పుతుంది, అంతవరకు నిజం.

పంపకం సంగతి చూడు. ఫైబర్‌లో కూడా పంచుకోవడం ఉంటుంది కానీ ఎన్ని ఇళ్లకి అన్నది ముందే లెక్క తెలిసి వేస్తాం. టవర్‌లో అలా కాదు, ఆ వైపు ఉన్న ఫోన్లూ పెట్టెలూ అన్నీ ఒకే గిన్నెలో చేతులు పెట్టాల్సిందే. పైగా ఎక్కువ స్పీడ్ ఇచ్చేది 3.3 గిగాహెర్ట్జ్ పైన ఉండే బ్యాండ్, అది గోడ అడ్డమొస్తే నీరసపడిపోతుంది. 700 మెగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ దానికి వెడల్పు తక్కువ, అంత స్పీడ్ రాదు. ఆ 700 కూడా 2022 స్పెక్ట్రమ్ వేలంలో జియో ఒక్కటే కొన్నది. అందుకే ఒకే బిల్డింగ్‌లో ఒకరికి ఒక కంపెనీది బాగుంటుంది, పక్క వాటాలో ఇంకోటి బాగుంటుంది. పక్కింటాయన చెప్పాడని తీసుకోకు.

ఇంకోటి, నువ్వు వీడియో కాల్స్ మనిషివి కాబట్టి డౌన్‌లోడ్ చూసి మురిసిపోకు, అప్‌లోడ్ చూడు. 5జీలో టైం పంచేటప్పుడు కిందికి దించడానికి ఎక్కువ భాగం, పైకి పంపడానికి తక్కువ భాగం ఇస్తారు. కిందికి 200 వచ్చినచోట పైకి 12 మాత్రమే రావచ్చు. కాల్‌కి అయిదు నిలకడగా ఉంటే చాలు, కానీ నిలకడగా ఉండాలి. పింగ్, అంటే డేటా వెళ్లి తిరిగొచ్చే టైం, ఒకసారి 25 మిల్లీసెకన్లు, ఒకసారి 180 అని గంతులేస్తే నీ మొహం ఆగిపోతుంది, గొంతు రోబోలా వస్తుంది.


కానూరు_డాబా:

@తీగలోడు_22 అన్నా, చెప్పింది కరెక్టే, కానీ మీవాళ్లు అరగంట అంటే అరగంటలో వస్తే మేమంతా పెట్టెలెందుకు పెట్టించుకుంటాం?


తీగలోడు_22:

ఒక మనిషికి నాలుగు వందల ఇళ్లు అప్పజెప్తే అరగంటలో ఎలా వస్తాడు తమ్ముడూ. ఎండలో స్తంభం ఎక్కేది మేమే.


మొగల్రాజపురం_మెట్లు:

మాది కొండ మీద ఇల్లు. టవర్ కొండకి అవతలివైపు ఉంది, వచ్చినవాళ్లు చూసి బిగించకుండానే వెళ్లిపోయారు. పోరంకి చదునే కదా, ఆ ఇబ్బంది ఉండదు. పక్కన కొత్త అపార్ట్‌మెంట్ ఏదైనా లేస్తోందేమో చూసుకోండి అక్కా, ఇవాళ కనబడే టవర్ వచ్చే ఏడాదికి కనబడకపోవచ్చు.


బ్రాడీపేట_నాలుగో_లైను:

మర్చిపోయా, డేటా లెక్క. జియో వాళ్ల 5జీ పెట్టె, అదే ఎయిర్‌ఫైబర్, 2023 సెప్టెంబరులో వచ్చినప్పుడు 599కి 30 ఎంబీపీఎస్, నెలకి 1000 జీబీ, జీఎస్‌టీ 18 శాతం అదనం. అంటే చేతిలోంచి పోయేది 707. ఇప్పటి రేటు యాప్‌లో చూసుకోండి. 1000 అంటే రోజుకి 33 జీబీ. మామూలు హెచ్‌డీలో గంటకి మూడు జీబీ దాకా, 4కేలో ఏడు దాకా లాగుతుంది. మీ అత్తయ్యగారి సీరియల్స్ వల్ల ఏం కాదు. అబ్బాయి గేమ్ ఆడితే పెద్దగా అవదు, కంప్యూటర్‌లో పెద్ద గేమ్ కొత్తగా దించుకుంటేనే, కొన్ని వంద జీబీ దాకా ఉంటాయి.

సీసీ కెమెరాలు ఉన్నాయా? నేరుగా ఐపీ అడ్రస్ కొట్టి బయటినుంచి చూసే పాత పద్ధతి మొబైల్ నెట్‌లో మామూలుగా పని చెయ్యదు, ఒకే ఇంటర్నెట్ అడ్రస్‌ని (ఐపీవీ4) చాలామందికి పంచుతారు. క్యూఆర్ స్కాన్ చేసి యాప్‌లో చూసేవైతే నడుస్తాయి.


పోరంకి_రెండో_అంతస్తు:

అందరికీ థ్యాంక్స్. కెమెరాలు లేవు. నాకు భయం ఆఫీస్ వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) గురించి. తీసుకునే ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా? డబ్బు కట్టేశాక సిగ్నల్ లేదంటే మళ్లీ రీఫండ్ కోసం తిరగాలి.


కానూరు_డాబా:

ఉంది, పైసా ఖర్చు లేదు. ఏ కంపెనీ పెట్టె అనుకుంటున్నారో ఆ కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్ ఒకటి తీసుకోండి. రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కండి. పగలు చెయ్యకండి, పగలు అందరూ బాగానే ఉంటారు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో "ఫోన్ గురించి" అని ఉన్నచోట సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం మైనస్‌లో కనిపిస్తుంది. నాలుగు మూలలూ తిరగండి, ఒక్కోచోట రెండు మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చెయ్యండి, అప్‌లోడ్ రాసుకోండి. మూడు రాత్రులు చెయ్యండి, అందులో ఒకటి ఆదివారం ఉండాలి. ఫోన్‌కే 40, 50 వస్తే పెట్టెకి మామూలుగా అంతకన్నా బాగానే వస్తుంది. ఆ హాట్‌స్పాట్ మీదే ల్యాప్‌టాప్ పెట్టి వీపీఎన్ కూడా కలిపి చూడండి. నాకు వీపీఎన్ కలిసేది కానీ ఫైళ్లు తెరుచుకునేవి కావు, మా ఐటీ వాళ్లు ఎంటీయూ అనేదేదో (ఒక్కో డేటా ప్యాకెట్ సైజట) 1300కి తగ్గించాక సరిపోయింది.


సింగ్‌నగర్_మేడ:

ఒక్క మాట చెప్పి పోతా. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు మేం మేడ మీదే ఉన్నాం. కేబుల్ నెట్ మొదటి గంటల్లోనే పోయింది. ఫోన్లు ఆ సాయంత్రం దాకా వచ్చాయి, టవర్‌లో బ్యాటరీలు ఉన్నంతవరకు. తర్వాత డీజిల్ పొయ్యడానికి అక్కడికి పోయేదెవరు, చుట్టూ నీళ్లే. మెడలోతు నీళ్లలో ఎవరో ఒకాయన ఫోన్ పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం నడుచుకుంటూ పోవడం మేడ మీదనుంచి చూశాను. అందుకే ఇది ఎప్పటికీ పోదు అని మాత్రం ఎవరూ రాయకండి. నేనిప్పుడు చవక కేబుల్ ప్లాన్ ఒకటి, వేరే కంపెనీ సిమ్ ఒకటి, రెండూ ఉంచుకున్నా.


పోరంకి_రెండో_అంతస్తు:

అప్‌డేట్. శుక్ర, శని, ఆదివారాలు మూడు రాత్రులు డాబా ఎక్కాం. మొదటి రాత్రి ఓనరుగారు దొంగలనుకుని టార్చి వేసుకుని వచ్చారు. నా సిమ్ అన్ని మూలల్లోనూ మైనస్ 100 కన్నా అధ్వాన్నమే, అప్‌లోడ్ 2 కూడా దాటలేదు. మా ఆయన సిమ్ వేరే కంపెనీది, బందరు రోడ్డు వైపు మూలలో మైనస్ 86, ఆదివారం తొమ్మిదింటికి డౌన్‌లోడ్ 110, అప్‌లోడ్ 14. మరి గాల్లోనే పోతుందన్న మనిషి సిమ్మే గెలిచింది, ఆ ఆనందం ఇంకా తగ్గలేదు ఆయనకి. వీపీఎన్ ఏ మార్పూ లేకుండానే కలిసింది.

మేకుల గొడవ కూడా తేలింది. పెట్టెని గోడకి కాకుండా పాత డిష్ గొట్టానికి బిగించొచ్చన్నారు, అది ముందున్నవాళ్లు వదిలేసి పోయింది. తీగ ఏసీ పైపు కన్నంలోంచి లోపలికి వస్తుంది. ఆరు నెలల ప్లాన్ కట్టాం, గురువారం బిగిస్తారట. కేబుల్ ఆయనకి ఈ నెల కట్టేశాను కాబట్టి నెలాఖరు దాకా రెండూ నడుపుతాను, @తీగలోడు_22 గారూ, పింగ్ గంతులేస్తే వచ్చి మీతోనే చెప్తాను.

ఓనరుగారు అంతా విని సరేనన్నారు. వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగి, "ఆ వైఫై కింద మా హాల్లోకి కూడా వస్తుందామ్మా?" అని అడిగారు.