మ్యూజియం పెట్టాం, ఊళ్లోవాళ్లు గడప దాటి రావడం లేదు. ఏం చేయాలి?

పెన్నేటి పంతులు (అనంతపురం జిల్లా):

అందరికీ నమస్కారం. మాది ఒక మండల కేంద్రం. ఇక్కడ పాత సర్కారు భవనం ఒకటి ఖాళీగా ఉంటే అందులో రెండు గదులు అడిగి తీసుకుని, కొంతమందిమి కమిటీగా ఏర్పడి చిన్న మ్యూజియం పెట్టాం. గొర్రు, గుంటక, కపిల బాన (ఎద్దులతో బావి నీళ్లు తోడే తోలు సంచి), తిరుగళ్లు, గింజలు కొలిచే పాత పడులూ సేర్లూ, ఒక వీరగల్లు (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), సుగాలీల (లంబాడీల) అద్దాల పని లంగాలు, రెండు తోలుబొమ్మలు, కొన్ని పాత ఫోటోలు ఉన్నాయి. టికెట్ లేదు, ఉచితమే.

వచ్చేదెవరంటే, వరుసలో నడిపించుకొచ్చిన బడి పిల్లలు, పంద్రాగస్టుకు ఆఫీసర్లు. అంతే. ఆ గొర్రు తోలినవాళ్లు, ఆ లంగా కుట్టినవాళ్ల మనవరాళ్లు గేటు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి వెళ్లిపోతున్నారు. ఒకామెను రమ్మని పిలిస్తే "అది సార్లది కదా నాయనా" అనేసింది. పైగా వాకిట్లో నాలుగు మెట్లున్నాయి, మా బడిలో వీల్‌చైర్‌లో వచ్చే పాప ఒకతె ఉంది, ఆమెను ఇద్దరు ఎత్తుకుని తీసుకెళ్లాల్సి వస్తోంది, ఆమెకది అస్సలు ఇష్టం లేదు.

కమిటీలో కొందరు "ఫ్రీగా పెట్టాం, రాకపోతే వాళ్ల ఖర్మ" అంటున్నారు. ఇంకొకాయన క్యూఆర్ కోడ్‌లు పెడితే చాలంటాడు. డబ్బు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తుంగభద్ర గట్టు (కర్నూలు):

పంతులుగారూ, నేను మ్యూజియం ఉద్యోగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. మీ కపిల బాన దగ్గర చీటీ మీద ఏం రాశారు? నేను చెప్పనా? "పూర్వకాలపు నీటిపారుదల సాధనం, బహూకరించినవారు ఫలానా రెడ్డిగారు" అని ఉంటుంది. ఇచ్చినాయన పేరు ఉంది సరే. ఆ తోలు పదును చేసినదెవరు, బాన కుట్టినదెవరు? మాదిగవాడలో చేతులు. తెల్లారకముందే ఎద్దులను వెనక్కీ ముందుకీ నడిపి కపిల తోలినదెవరు? జీతగాళ్లు. వాళ్ల మాట ఒక్కటి కూడా గోడ మీద లేకపోతే అది సార్లదే అవుతుంది, ఆమె తప్పేమీ అనలేదు.

ఫోటోల కిందా ఇదే తంతు. "సంప్రదాయ దుస్తుల్లో లంబాడీ మహిళ" అని రాసేస్తాం, ఆమెకు పేరే లేనట్టు. ఆ మహిళ ఏ తండా, పేరేమిటి అని తండాకు వెళ్లి ఫోటో చూపించి అడగండి, సగం ఫోటోలకు పేర్లు దొరుకుతాయి. పేరు రాసేముందు ఇంట్లోవాళ్లను అడగండి, వద్దంటే రాయకండి.

అంతర్జాతీయ మ్యూజియంల సమాఖ్య 2022 ఆగస్టులో ప్రాగ్‌లో మ్యూజియం అంటే ఏమిటో కొత్తగా నిర్వచించుకుంది. అందులో అందరికీ అందుబాటులో ఉండాలి, అందరినీ కలుపుకోవాలి, నడపడంలో ఊరి జనానికీ భాగం ఉండాలి అని చేర్చారు. కాగితం మీద బాగానే ఉంది. మన దగ్గర అది జరగాలంటే ముందు మీ కమిటీలో ఎవరెవరున్నారో చెప్పండి. తండా నుంచి, వాడ నుంచి, ఆడవాళ్ల నుంచి ఒక్కరైనా ఉన్నారా?

పెన్నేటి పంతులు:

లేరు సార్. అందరం రిటైర్డ్ ఉద్యోగులం, ఇద్దరు వ్యాపారస్తులు.

కడప కారం:

అన్నా, పైసార్ చెప్పినదంతా నిజమే కానీ నేను ఇంకా కిందినుంచి మొదలుపెడతా. గేటు దగ్గర కూర్చునే మనిషి ఎట్లా మాట్లాడతాడు? "ఎవరు నువ్వు, ఏం పని, చెప్పులు అక్కడిడు" అంటాడా? తరతరాలుగా గుడి ముందు, దొర ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు, వెనక్కి పోవడానికి. చెప్పులతోనే రానీయండి, సాయంత్రం తుడుచుకోండి, బండలు అరిగిపోవు.

రెండోది టైము. పది నుంచి ఐదు, ఆదివారం సెలవు అని పెట్టుంటారు, అవునా? కూలికి పోయేవాళ్లు ఆ టైములో ఎట్లా వస్తారన్నా? మీ ఊరి సంత ఏ రోజో ఆ రోజు పొద్దు గూకేదాకా తలుపులు తీసిపెట్టండి. కుండలో నీళ్లు పెట్టండి, కూర్చోను ఒక బెంచీ వేయండి, పనిచేసే బాత్రూమ్ ఉంచండి. ముందు ఎండకు కూర్చునేదానికి వస్తారు, కూర్చున్నాక చూస్తారు. మ్యూజియం సైన్సంతా ఇంతేనా అంటే, మన ఎండలకు చాలావరకు ఇంతే!

ఇంకోటి, మా కడపలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఎంతమందో తెలుసు కదా. 2022 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. మీ వైపూ ఉంటారు. చీటీ మీద తెలుగు, ఇంగ్లీషు ఉండి ఉర్దూ లేకపోతే ఎట్లా? క్యూఆర్ కోడ్ వద్దనను, కానీ చదవడం రాని అవ్వకు అది గోడ మీద నల్లమచ్చే.

మెట్లు దిగని మనిషి (నంద్యాల):

ఎత్తుకుని తీసుకెళ్లే విషయం మీద ఒక్క మాట. దయచేసి ఆపేయండి. నేనూ వీల్‌చైర్ మనిషినే. పదిమంది చూస్తుండగా బస్తాలా లోపల దింపితే ఇంక బొమ్మలేం చూస్తాం, ఎప్పుడు బయటపడదామా అని ఉంటుంది.

లెక్క చెప్తా. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలి. మీ నాలుగు మెట్లు కలిపి రెండడుగులుంటే ఇరవై నాలుగు అడుగులు, మధ్యలో ఆగేందుకు సమతలం, రెండు వైపులా పట్టుకునే కమ్మీ. మేస్త్రీ "అంత పొడవెందుకు, ఎనిమిదడుగుల్లో దించేస్తా" అంటాడు, కచ్చితంగా అంటాడు, వినొద్దు. అది మోటారుసైకిల్ ఎక్కించడానికి పనికొస్తుంది, మాకు కాదు. వాకిట్లో చోటు లేకపోతే పక్క గోడ వెంబడి మలుపు తిప్పి కట్టించండి. అయితే ఆ దారే అందరికీ దారి కావాలి, మాకు మాత్రం వెనక వాకిలి అనొద్దు.

ఇది మీరు చేసే ఉపకారమని కూడా అనుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం గురించే ఉంది, కళ మాకు అందుబాటులో ఉండాలని రాసే ఉంది. షోకేసుల ఎత్తు కూడా చూడండి, కుర్చీలో కూర్చున్నవాళ్లకు, ఆరో తరగతి పిల్లలకు ఒకే ఎత్తు సరిపోతుంది. ఆ పాపను ఒకరోజు కుర్చీలో గదంతా తిప్పి, ఏది కనిపించలేదో ఆమెనే చెప్పమనండి.

తుంగభద్ర గట్టు:

చూపు లేనివాళ్ల సంగతి కూడా కలుపుతున్నా. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో "అనుభవ్" అని ముట్టుకుని చూసే గ్యాలరీ పెట్టారు, అసలు శిల్పాలకు నకళ్లు చేయించి. మీకు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. తిరుగలి, రోకలి, పడి, కొడవలి పాతసామాన్ల అంగట్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఒకటి అద్దాల పెట్టెలో, రెండోది ముట్టుకునేందుకు బల్ల మీద.

కడప కారం:

అద్దంలో ఎందుకు సార్ అసలు? అన్నీ ముట్టుకోనీయొచ్చు కదా. మనవే కదా!

తుంగభద్ర గట్టు:

కుదరదు నాయనా. చేతి చెమటకు ఇనుము తుప్పు పడుతుంది, తోలు, బట్ట పాడవుతాయి. వాటికి వెలుతురు కూడా పడదు, 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదంటారు, అంటే మసక గది. ఆ లంగాలు కిటికీ పక్కన ఉంటే ఈరోజే జరపమని చెప్పండి. రంగు పోయాక తండా వాళ్లొచ్చి చూసేదేముంటుంది?

మనవే అన్నావు కాబట్టి చెప్తున్నా. పెన్న ఒడ్డున మీ దానవులపాడు జైన శిల్పాలు తవ్వితీసినవి చెన్నై మ్యూజియంకు పోయాయి. కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం 1982లో గానీ రాలేదు. మన వస్తువు మన దగ్గరే ఉండాలనేది న్యాయమైన కోరికే. ఉన్నదాన్ని కాపాడుకోవాలి కూడా.

బొమ్మల ఇంటి ఆడబిడ్డ (ధర్మవరం దగ్గర):

తోలుబొమ్మలు రెండున్నాయన్నారు కాబట్టి రాస్తున్నా అన్నా. మాది బొమ్మలాడించే ఇల్లు. నిమ్మలకుంట పేరు వినే ఉంటారు, అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ఇంత ఉన్నా మ్యూజియంలలో బొమ్మను గోడకు మేకు కొట్టి తగిలిస్తారు. వెనకనుంచి వెలుతురు పడకపోతే ఆ రంగులు లేవు, కీళ్లు కదలకపోతే అది బొమ్మే కాదు. పక్కన నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టు పోలిగాడు తిట్టుకోకపోతే మా ఊళ్లల్లో ఆటే చూడరు.

మీరు నిజంగా జనం రావాలనుకుంటే సంత రోజు సాయంత్రం ఒక తెర కట్టించి ఆడించండి. పిల్లలను తెర వెనక్కి కూడా రానీయండి, బొమ్మ చేత్తో పట్టుకుని చూస్తారు, చూపు లేని పిల్లలకు అదే మంచిది. మేం తెచ్చే బొమ్మలు ఆటకని చేసినవి, అద్దంలోవి కావు, కాబట్టి పైసార్‌కు భయం అక్కర్లేదు.

ఒకటే షరతు. "అవగాహన కార్యక్రమం, మీకూ ప్రచారం వస్తుంది" అని ఊరికే పిలవొద్దు. బండి ఖర్చు, భోజనం, ఆటకు డబ్బులు ముందే మాట్లాడుకోవాలి. శాలువా కప్పి పంపితే ఇంట్లో పొయ్యి వెలగదు.

పెన్నేటి పంతులు:

అందరికీ చాలా థ్యాంక్స్. లంగాలు ఇప్పుడే కిటికీ పక్కనుంచి తీయించాను. చెప్పులు బయటే విడవమన్న బోర్డు పీకేశాం, దానికి మాత్రం కమిటీలో పెద్ద గొడవైంది! ర్యాంపుకు పక్కగోడ వెంబడి చోటు ఉంది, కొలతలు తీయిస్తా. తండా నుంచి ఇద్దరిని, వాడ నుంచి ఒకాయనను కమిటీలోకి అడుగుతున్నాం. వాడలో పెద్దాయన మాత్రం "చీటీ మీద ఏం రాస్తారో ముందు చదివి వినిపించండి, తర్వాత చూద్దాం" అన్నాడు. సోమవారం కాగితాలు పట్టుకుని వెళ్తున్నా.

ఆడబిడ్డా, తెర ఎంత వెడల్పు కావాలి, మామూలు బల్బు పెడితే చాలా?

బొమ్మల ఇంటి ఆడబిడ్డ:

బల్బు చాలు అన్నా, ఇప్పుడందరూ అదే వాడుతున్నారు. తెర మేమే తెస్తాం, రెండు గుంజలు గట్టిగా పాతించండి. డబ్బుల సంగతి మా నాన్నతో మాట్లాడండి, నంబరు మెసేజ్ పెడతా.